గురువారం పిల్లలు

గూడూరు మండలంలోని మా ఊళ్లో ఓదెమ్మను మెచ్చుకున్నవాళ్లు లేరు, ఆమె అవసరం పడనివాళ్లూ లేరు. పత్తి ఏరడంలో అందరికంటే ముందుండే మనిషి మోకాళ్లు అరిగి ఇంటిపట్టున కూర్చుంది. నోరు మాత్రం అరగలేదు.

మా ఊళ్లో పిల్లలకు టీకాలు వేసేది బుధవారం. నర్సమ్మ డబ్బా పట్టుకుని అంగన్‌వాడీకి వచ్చేసరికి తల్లులు పత్తి చేలకు వెళ్లిపోయేవారు. సూది వేయిస్తే ఆ రాత్రికి జ్వరం. జ్వరం పిల్లను వదిలి గురువారం పనికి పోలేరు. మానితే కూలీల ముఠాలో వాళ్ల చోటు ఇంకొకరికి పోతుంది. ఇంత చిన్న సంగతి అధికారులెవరికీ తట్టలేదు. టీకాలు ఎందుకు మంచివో మైకులో చెప్పి పోయేవారు.

ఒక బుధవారం ఓదెమ్మ పక్కింటి సారక్కను కేకేసింది.

"పిల్లకు సూది ఏపియ్యి. రేపు నా కాడ పడేసి పో. జరమేమన్న పులా, మింగనీకి?"

అలా మొదలైంది. గురువారం పొద్దున కూలీల ట్రాలీ ఆటో రాకముందే జ్వరం పిల్లలు ఆమె అరుగు మీదికి చేరేవారు. నర్సమ్మ ఇచ్చిన మందు పట్టేది, తడిగుడ్డతో ఒళ్లు తుడిచేది, గంజి తాగించేది. ఎక్కువ ఏడిస్తే తిట్టేది కూడా. "రేపటికి తగ్గుతది తియ్యి" అన్నది ఆమె ఊతపదం. చీకటి పడ్డాక తల్లులు వచ్చి ఎత్తుకుపోయేవారు.

ఆ ఊతపదం సొంత ఇంట్లో పనిచేయలేదు. కోడలు యమున జఫర్‌గఢ్‌లోని పుట్టింట్లో కాన్పై, పాప అమూల్యతో తిరిగి వచ్చింది. జలుబు వల్ల అక్కడ వాయిదా పడ్డ నెలన్నర టీకా ఇక్కడ వేయించాలి. కానీ వచ్చిన దగ్గర్నుంచి యమున చూస్తున్నవన్నీ గురువారాలే. మూలుగులు, వాంతులు, కాలిపోయే ఒళ్లు. శుక్రవారం అదే పిల్లలు తమ ఇళ్ల ముందు దుమ్ములో ఆడుకోవడం ఆమె చూడలేదు.

"మంచిగున్న పిల్లను ఎందుకు పరేషాన్ చేసుడు అత్తమ్మా? నా బిడ్డకు వద్దు," అంది.

ఓదెమ్మ తిట్టింది, బతిమాలింది. కొడుకు రవి కేసముద్రం మార్కెట్లో హమాలీ. బస్తాలైతే మోస్తాడు గానీ ఈ గొడవ మోయనన్నాడు. పక్క ఊళ్లో టీకా వేయించని ఒక పసిపిల్లకు కోరింత దగ్గు పట్టుకుందని విన్నాక ఓదెమ్మకు అన్నం సహించలేదు. పైగా "అవ్వ మనుమరాలికే ఏపియ్యలేదట" అన్న మాట ఊళ్లో తిరిగింది. తర్వాతి బుధవారం కొందరు తల్లులు మళ్లీ చేను దారి పట్టారు.

ఆ గురువారం అరుగు మీద సారక్క పిల్ల ఒక్కతే ఉంది. ఓదెమ్మ ఆ పిల్లను యమున ఒళ్లో పడేసి, "గూడూరు దవాఖానకు పోయొస్త, మోకాళ్లు గుంజుతున్నయ్," అని వెళ్లిపోయింది. మోకాళ్లు రోజూ గుంజేవే. ఆ రాత్రి పిల్లను తీసుకుపోవద్దని సారక్కకు ముందే చెప్పి ఉంచింది.

పిల్ల యమున చీర మీద గంజి కక్కింది. అత్తను మనసులో తిట్టుకుంటూనే యమున తడిగుడ్డ మార్చింది. పొద్దుగూకే వేళకు ఒళ్లు చల్లబడింది. శుక్రవారం పొద్దున్నే అదే పిల్ల ఉల్లిగడ్డలన్నీ వాకిట్లో దొర్లించి, యమున గాజులు పట్టుకుని లాగుతూ కిలకిలా నవ్వింది. ఆ తర్వాతి బుధవారం యమున అమూల్యను ఎత్తుకుని తనంతట తానే అంగన్‌వాడీకి నడిచింది.

మర్నాటి పొద్దుటికి అమూల్య ఒళ్లు వేడెక్కింది. ఊరి పిల్లల జ్వరాలన్నీ చూసిన ఓదెమ్మ ఈ ఒక్క జ్వరానికి కూలబడింది.

"ఆ నర్సమ్మకు కండ్లు కనవడ్తలెవ్వా? గింత తొడకు గంత సూదా?" అంటూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మందు యమునే పట్టింది.

వీధి చివర ట్రాలీ హారన్ మోగింది. జ్వరం పిల్లాడిని ఎత్తుకుని తండా నుంచి చాందీ వచ్చింది. కిందటి వారం నర్సమ్మను తప్పించుకుని చేనుకు పోయినవాళ్లలో ఆమె ఒకతి; యమున వేయించిందని విని నిన్న తన పిల్లాడికీ వేయించింది. ఏడుస్తున్న అవ్వను చూసి వాకిట్లోనే ఆగిపోయింది. పిల్లాడిని గుండెకు అదుముకుని వెనక్కి తిరగబోయింది.

యమున అమూల్యను ఒక భుజాన వేసుకుని రెండో చెయ్యి చాచింది.

"ఇటియ్యి అక్కా. నువ్వు పో, ట్రాలీ పోతది. రేపటికి తగ్గుతది తియ్యి."

చాందీ పిల్లాడిని ఇచ్చి పరుగెత్తింది. ఓదెమ్మ ముక్కు చీదుకుని, పొయ్యి మీద గంజి పెట్టడానికి లేచింది.