తొంభై అడుగుల అవతలి బావి

మంగళవారం పొద్దున సోగత్తూరు నుంచి ఫోను వచ్చింది. అవతల తిమ్మరాయప్ప మేస్త్రి కూతురు రాజమ్మ. "నాయన పోయినాడు బావా. టీ తాగి గ్లాసు కింద పెట్టినాడు. అంతే." ఎనభై నాలుగేళ్ల మనిషి పోయాడంటే లోకం ఆశ్చర్యపోదు. నేను మాత్రం ఆ మాట రాజమ్మ చేత రెండోసారి చెప్పించుకున్నాను. అంతకు నాలుగు రోజుల ముందే వాళ్ల అరుగు మీద ఆయన పక్కన కూర్చుని వచ్చాను. కాలు చాపుకుని కూర్చుని, దారిన పోయేవాళ్లందరినీ పేరు పెట్టి పలకరిస్తూ, అంత తేలికగా ఉన్న ఆయనను నేను అంతకుముందు చూడలేదు.

ధర్మపురి చుట్టుపక్కల రాతిపని, కట్టుబడి పని చేసే తెలుగు కుటుంబాలవారికి ఆయనను పరిచయం చేయనక్కర్లేదు. మిగతావారి కోసం చెబుతాను. ఆయన తండ్రి మునెప్ప కూడా మేస్త్రే. బావులు తవ్వడం, బండలు చీల్చడం వాళ్ల ఇంటి పని. తిమ్మరాయప్పగారు నా భార్యకు చిన్నాయన వరస. నేను ఆయనను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవారు. ఇంట్లో తెలుగు, బయట తమిళం. రెండింటిలో ఏదీ చదవడం రాదు. రాయిని మాత్రం చదివేవారు. సుత్తి పిడితో ఒకసారి తట్టి, చెవి ఆనించి, "దీనికి లోపల చీలిక ఉండాది, గడపకు పనికిరాదు, మెట్టుకు వెయ్యి" అనేవారు. కుర్రకారుకు ఆయన చెప్పే పాఠం ఒక్కటే: "మొదట తట్టు, విన్నాక కొట్టు."

ధర్మపురి దగ్గర ఇంజనీరింగు కాలేజీ కట్టేటప్పుడు ప్రహరీ పని ఈయన జట్టుదే. ఒకరోజు పచ్చిగోడ మీద చెయ్యి ఆనించి ఒక పంతులుగారు ఎవరితోనో మాట్లాడుతున్నారట. "సార్, అది ఇంకా గోడ కాలేదు, రెండు దినాలు పోనీండి, ఆ తరువాత పండుకోండి" అన్నారట మామ. ఆ పంతులుగారే ఈ ముచ్చట నాకు నవ్వుతూ చెప్పారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా ఊరికి బస్సులో రెండు మూడు గంటల దూరాన ఒక విమానాశ్రయం ఉంది. పేరు రాయను. అక్కడ ఇప్పుడు పనిచేసేవారి తప్పు ఇందులో ఏమీ లేదు. యుద్ధకాలంలో అది మిలిటరీ స్థావరం. వేరుశనగ చేలు తీసుకుని, చదును చేసి, రన్‌వే వేశారు. ఆ పనికి మా వైపు నుంచి జట్లు జట్లుగా మనుషులు వెళ్లారు. మునెప్ప వెళ్లాడు, ఇరవై ఏళ్ల కొడుకును వెంట తీసుకెళ్లాడు. యుద్ధం ముగిశాక విమానాలు పోయాయి. రన్‌వే మీద చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రాగులు ఆరబోశారు, లారీ నేర్చుకునేవాళ్లు నేర్చుకున్నారు. తరువాత ఎప్పుడో వారానికి కొన్నిసార్లు చిన్న విమానం దిగే పౌర విమానాశ్రయం అయింది, మధ్యలో ఆగిపోయింది, మళ్లీ మొదలైంది. రెండేళ్ల కిందట పెద్ద విమానాల కోసం రన్‌వేను పొడిగిస్తారని వార్త వచ్చింది. నేను ఆ వార్త మామకు చదివి వినిపించాను, పాత పని జ్ఞాపకం వచ్చి సంతోషిస్తారని.

ఆయన సంతోషించలేదు. "ఏ దిక్కుకంట?" అన్నారు.

"పడమరకు."

చేతికర్రతో నేల మీద పడమటికి ఒక గీత గీశారు. "అయితే బావి మీదికే పోతారు" అన్నారు.

అరవై ఏళ్లు దాచిన మాట అది. స్థావరం పడమటి అంచున ఒక రైతు బావి ఉండేది. నిండా నీళ్లు. దాన్ని పూడ్చమని మిలిటరీ దొర ఆజ్ఞ. రైతు వచ్చి మునెప్ప చేతులు పట్టుకున్నాడు. యుద్ధం అయిపోతే నేల తిరిగి ఇస్తారని అందరూ అనుకుంటున్న రోజులు. పైగా బావి తవ్వే ఇంటివాళ్లు నీళ్లున్న బావిలో మట్టి పోయరు. అది వాళ్లకు చేతులు రాని పని. మునెప్ప బావి నోటికి అడ్డంగా ఆరు బండలు పరిపించి, పైన మట్టి కప్పి, చదును చేశాడు. దొర వచ్చి, మట్టి మీద నడిచి, మెచ్చుకుని వెళ్లాడు. పనులన్నీ ముగిశాక నమ్మకంగా పనిచేశాడని ఇంగ్లీషులో ఒక కాగితం కూడా రాసి ఇచ్చాడు. ఆ కాగితం పటం కట్టి సోగత్తూరు ఇంట్లో దేవుడి గూటి పక్కనే ఉంటుంది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు ముందు అదే చూపిస్తారు.

ఇప్పుడు నోరు తెరిస్తే ఆ పటం అబద్ధం అవుతుంది. తెరవకపోతే, జనంతో నిండిన విమానం ఆ బండల మీదికి దిగుతుంది. పదిరోజులు ఆయన అన్నం సరిగా తినలేదని రాజమ్మ చెప్పింది. అన్న కొడుకు ఒకడు ఎగతాళి చేశాడట: "ఈ వయసులో ఆపీసర్లతో నీకు యాల చిన్నాయనా? వాళ్ల కాడ మిషన్లు ఉండాయి, వాళ్లే చూసుకుంటారు." దానికి ఆయన జవాబు: "మిషన్లు ఉండాయి సరే. ఆ పొద్దు మిషన్లు యాడుండాయిరా, నేనుంటి."

పదకొండో రోజున నన్ను తీసుకుని బయలుదేరారు.

విమానాశ్రయంలో మా మాట విన్న మొదటి మనిషి కవిత అనే యువ ఇంజనీరు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల, ధర్మపురి దగ్గరి ఆ ఇంజనీరింగు కాలేజీలోనే చదువుకుంది. "మా కాలేజీ గోడ మీరు కట్టిందేనా తాతా? మేము దూకిపోయేటోళ్లం" అంది. "ఎత్తు తక్కువ పెట్టినానే అని అప్పుడే అనుకొంటి" అన్నారు మామ. పాత నక్షాలు పరిచి చూసింది. బావి లేదు, పూడ్చిన బావి అనే గుర్తూ లేదు. అయినా పైఅధికారిని ఒప్పించింది.

ఆనవాలు ఒక్కటే మిగిలింది, మిలిటరీవాళ్లు కట్టిన నీళ్లతొట్టి దిమ్మె. "దీని మూల నుంచి పడమటికి తొంభై అడుగులు. కండిప్పా, కచ్చితంగా తొంభై" అని మామ తానే నడిచారు. కర్ర నేలకు ఆనించినచోట యంత్రం తవ్వింది. రెండు నిలువుల లోతు పోయినా గట్టి ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. చుట్టూ తవ్వినా అంతే. పైఅధికారి మర్యాదస్తుడు, టీ తెప్పించాడు. "పెద్దవారు, ఎప్పటి మాటో" అని నాతో తమిళంలో మెల్లగా అన్నాడు. మామకు ఆ మెల్లగా అన్నది వినబడింది. తిరుగు బస్సులో ఆయన అన్నారు: "నాయన పేరు చెడగొట్టినాను, బావినీ చూపియ్యలేకపోతిని."

ధర్మపురి బస్టాండులో దిగి నడుస్తున్నాం. ఎదురుగా ఒక అంగడి నుంచి నలుగురు మనుషులు ఇనుప బీరువాను తాళ్లు కట్టి, వాసాల మీద భుజాన మోసుకెళ్తున్నారు. ముందువాడు "ఆ, ఆ" అంటుంటే మిగతావాళ్లు దానికే కాలు వేస్తున్నారు. మామ రోడ్డు మధ్యలో ఆగిపోయారు. ఆటోవాడు హారను కొట్టి తిట్టాడు. ఆయన కదలలేదు.

"అల్లుడా, వాళ్ల అడుగు చూడు."

"చూశాను మామా."

"ఎంత ఉండాది? జానెడు, జానెడున్నర. తొంభై అనేది నేను చేతులూపుకొంటా నడిచిన తొంభై కాదు. బండలు తొట్టి కాడ దించి ఉంటిరి. ఆడనుంచి నలుగురం మోసినాము. గొంతు కలిపి లెక్క చెప్పుకొంటా నడిస్తేనే బండ ఊగదు. ఆ లెక్కనే నాకు గ్యాపకం ఉండేది. బరువు మోసేవాని అడుగు అది. నేను పొద్దున చేతికర్రతో నిమ్మళంగా నడిస్తిని."

రెండో రోజు మళ్లీ వెళ్లాం. పైఅధికారి ముఖం చూస్తే టీ కూడా వస్తుందని నాకు అనిపించలేదు. కవిత మాత్రం విని, నవ్వకుండా, నలుగురు కూలీలను పిలిచింది. సరిహద్దు రాయి ఒకటి తాళ్లతో కట్టించింది. వాళ్లు ఎత్తారు. మామ పక్కనే నడుస్తూ గొంతెత్తి లెక్క చెప్పారు. ఒకటీ, రెండూ, మూడూ అని తెలుగులోనే. తమిళ కూలీలు ఆ లయకు అడుగులు వేశారు. తొంభై అనగానే దించారు. నిన్నటి గుంతకు అది ఎంతో ఇవతల.

గజం లోతులో పార రాతికి తగిలింది.

మామ తవ్వకాన్ని ఆపించి, తానే దిగి, సుత్తి పిడితో తట్టారు. చెవి పెట్టి విన్నారు. పైకి చూసి, "కింద ఖాళీ" అన్నారు. యంత్రంతో మొదటి బండ ఎత్తారు. లోపల చల్లని వాసన, ఆ కింద నీళ్లు, నీళ్లలో ఆకాశం ముక్క. పైఅధికారి తన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆ క్షణంలో ఆయనకు ఏం కనిపించి ఉంటుందో నాకు తెలుసు, నాకూ అదే కనిపించింది. చక్రాలు, వాటి మీద వందమంది మనుషులు.

బావిని ఈసారి అడుగు నుంచి రాళ్లతో, కాంక్రీటుతో నింపారు. నింపే ముందు మామ పసుపు కుంకుమ వేసి, దోసెడు నీళ్లు తోడించుకుని తాగారు. "ఇప్పుడు బావి పూడ్చడానికి చెయ్యి వచ్చిందా తాతా?" అంది కవిత. "రాలేదమ్మా. అయినా మనుషులు దిగే తావు గదా" అన్నారు.

ఇంటికి వచ్చి ఆ పటం తీసేయబోయారట. ఆ సంగతి తెలిసి కవిత ఒక ఆదివారం సోగత్తూరు వచ్చింది. "అరవై ఏళ్లయినా ఒక్క బండా కదల్లేదు తాతా. మీ నాయన అబద్ధం ఆడినాడో లేదో నాకు తెలీదు. పని మాత్రం గట్టిది. ఉండనీండి" అంది. పటం ఉంది. అదేరోజు ఆమె కొత్త నక్షా తెచ్చి చూపింది. పడమటి కొసలో బావి గుర్తుగా ఒక చిన్న సున్నా. పక్కన ఎవరి పేరు రాయాలని అడిగితే, మామ తన తండ్రి పేరు చెప్పలేదు. నేల పోగొట్టుకున్న ఆ రైతు పేరు చెప్పారు. ఆమె రాసింది. మామ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "ఇంక నేను గ్యాపకం పెట్టుకోబన్లేదు గదా?" అన్నారు. ఆ తరువాత విమానం సోగత్తూరు మీదుగా పోతే, అంతకుముందు ఎన్నడూ లేనట్టు, అరుగు మీది నుంచే తలెత్తి అది కనుమరుగయ్యేదాకా చూసేవారు.

నక్షాలో ఇప్పుడు సున్నా ఉంది. కానీ బరువు మోసినవాడి అడుగుకూ చేతులూపుతూ నడిచేవాడి అడుగుకూ ఉన్న తేడా ఏ నక్షాలోనూ లేదు. అది తెలిసిన ఒక్క మనిషిని పోగొట్టుకున్నాం. ఈ వ్యాసాన్ని వాళ్లింట్లో చదవగలిగేవాళ్లు లేరు. పత్రిక రాగానే నేనే వెళ్లి, ఆ అరుగు మీద కూర్చుని, రాజమ్మకు చదివి వినిపిస్తాను.

బుధవారం మధ్యాహ్నం ఆయనను తీసుకెళ్లారు. వత్తల్‌మలై కొండ మీద మబ్బు పట్టి, ఎండ చల్లబడింది. నలుగురు మోశారు. వాళ్ల అడుగులు ఆయన చెప్పినట్టే చిన్నవిగా, కలిసికట్టుగా పడ్డాయి. అలవాటుకొద్దీ నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి, కాసేపటికి మానేశాను.