బ్యాడ్జీలావిడ బుట్ట

వీధిలో అందరికీ ఆమె బ్యాడ్జీలావిడ. స్కూలు చొక్కాల జేబుల మీది బ్యాడ్జీలు, సెక్యూరిటీ గార్డుల భుజాల మీది పట్టీలు, ఆటల జట్ల టోపీల మీది గద్దలు, పులులు, ఒక్కోసారి పులో పిల్లో తేల్చలేని జంతువులు, అన్నీ ఆవిడ ముందుగదిలో ఉన్న ఎంబ్రాయిడరీ మెషిన్ నుంచే పుట్టేవి. అది నడుస్తుంటే పక్కింటి అలమరలో గాజు గ్లాసులు సన్నగా వణికేవి. మెషిన్ పక్కన ఇనప బల్ల. బల్ల మీద ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్, ఒకప్పుడు తెల్లది, ఇప్పుడు ఏ రంగో దానికే తెలియదు. దారపు నూగు లోపలికి పోకుండా డబ్బా చుట్టూ పల్చటి వలగుడ్డ కట్టి ఉండేది. బల్ల కింద ఒక వెదురు బుట్ట, నిండా గుడ్డముక్కలు.

గది ఆవిడ తమ్ముడిది. మేడ మీద అతని కాపురం, కింద ఆవిడ పని. ఇన్నాళ్లూ ఆ ఏర్పాటుకు ఎవరి పేచీ లేదు. కానీ వీధి చివర సెల్‌ఫోన్లు అమ్మే వ్యాపారికి ఈ గది మీద కన్నుపడింది. తమ్ముడు మెత్తటి మనిషి; అడగదలుచుకున్నది నేరుగా అడగడు, అవతలివాళ్ల మేలు కోరుతున్నట్టు అడుగుతాడు. "నీ కళ్ల గురించే నా బెంగంతా అక్కా" అన్నాడు. తన కళ్లకు బాగానే కనిపిస్తోందనీ, అతని బెంగ ఏ వీధి చివర కూర్చుందో కూడా కనిపిస్తోందనీ ఆవిడ జవాబు చెప్పింది.

చివరికి ఒక మాట మీదికి వచ్చారు. ప్రతి ఏడూ స్కూళ్లు తెరిచే ముందు యూనిఫాం కంపెనీ ఇచ్చే బ్యాడ్జీల పనే ఆవిడకు ఆధారం. ఈసారి ఆ పని చేతికొస్తే గది ఆవిడది. రాకపోతే సెల్‌ఫోన్లవాడిది.

రాకపోవడానికి కారణం కూడా తయారుగా ఉంది. ఇకమీదట ఆర్డర్లన్నీ వెబ్‌సైట్‌లోనే అని కంపెనీ తేల్చేసింది. ఆవిడ కంప్యూటర్‌లో ఆ సైటు తెరిస్తే, మీ సిస్టమ్ పాతబడిపోయింది అని ఒక తెల్ల పేజీ వచ్చి కూర్చునేది. కొత్తది కొనేయమని చెప్పనివాళ్లు లేరు. అలా చెప్పిన ప్రతివాళ్లకీ ఆవిడ కంప్యూటర్ వెనకనుంచి మెషిన్‌కు పోయే వేలిమందం కేబుల్ పీకి, దాని మూతి చూపించేది. ఆ మూతి పట్టే సాకెట్టు కొత్త కంప్యూటర్లకు లేదు. మధ్యలో తగిలించే అడాప్టర్ ఒకటి తెచ్చి చూశారు. దానితో మెషిన్ పులిని బ్రహ్మాండంగా మొదలుపెట్టి, తోక దగ్గరికి వచ్చేసరికి ఏం కుడుతోందో మరిచిపోయింది.

ఇక మిగిలిన దారి ఒకటే. పాత పెట్టెలోనే కొత్త సిస్టమ్ ఎక్కించాలి. అది మొయ్యదని తమ్ముడన్నాడు. మోస్తుందో లేదో మోయించి చూద్దామని ఆవిడంది.

కంప్యూటర్లు బాగుచేసే మనిషి వచ్చాడు. జుట్టు పలచబడ్డ, నిదానస్తుడు. స్క్రూడ్రైవర్ పట్టుకున్న ఎవరినైనా మేస్త్రీ అని పిలవడం ఆవిడకు అలవాటు. అతను మొదట మూతి ముడిచినా, రెండో టీకల్లా అలవాటుపడ్డాడు. వలగుడ్డ విప్పి, మూత తీసి, లోపలున్న దారపు ఉండను బయటికి లాగి, ఇందులో ఇంకో బ్యాడ్జీకి సరిపడా దారం ఉందన్నాడు. మెమరీ ముక్క ఒకటి అదనంగా వేస్తే ఈ పెట్టె కొత్త సిస్టమ్‌ను మోస్తుంది, కానీ మధ్యలో తరాలు దాటిపోయాయి కాబట్టి పాతదాని మీద కొత్తది అతికించడం కుదరదు, డిస్కు మొత్తం తుడిచి మొదటినుంచీ వెయ్యాలి అన్నాడు. తుడిచేముందు ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లోకి తీసి పెడతానన్నాడు. ఆవిడ సరేనంది. ఫోల్డర్లలో ఉన్నవీ, బల్ల మీద ఉన్నట్టు తెర మీద పరిచి ఉన్నవీ ఒక్కటి వదలకుండా తీసుకున్నాడు. ఇంకేమైనా ఉన్నాయా అని కూడా అడిగాడు. అన్నీ లోపలే ఉన్నాయని ఆవిడ చెప్పింది. ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరూ జాగ్రత్తగానే ఉన్నారు. కొంపలు మునిగేది సాధారణంగా ఇలాంటప్పుడే.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆవిడ పెళ్లికి ముందే ఒక బట్టల ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే పనిలో చేరింది. అక్కడినుంచి మెషిన్ దగ్గరికి, మెషిన్ దగ్గరినుంచి డిజైన్ల బల్ల దగ్గరికి ఎక్కింది. ఎవరూ ఎక్కించలేదు. పైవాళ్లు మానేసినప్పుడల్లా ఖాళీ కుర్చీలో వెళ్లి కూర్చునేది, లేవమన్నవాళ్లకు పని చూపించేది. పెళ్లయింది, కొన్నేళ్లకు భర్త పోయాడు. ఆ తర్వాత అందరూ ఆవిడ గురించి మాట్లాడే గొంతు ఒకటి తయారైంది, మెత్తగా, తడిగా. ఆ గొంతు వినిపిస్తే చాలు మెషిన్ ఆన్ చేసేది.

ఆ ఫ్యాక్టరీలో ఒక కట్టడి ఉండేది. షిఫ్టు అవగానే ఊడ్చేవాళ్లు వచ్చి బల్లల మీద ఏముంటే అది, ముక్కైనా నమూనా అయినా, ఒక్క ఊపులో తుడిచి గోనెలో వేసుకుపోయేవాళ్లు. బల్ల కింద బుట్టను మాత్రం ముట్టుకునేవాళ్లు కాదు. అది కుట్టేవాళ్ల సొంతం. అందుకని కొత్తగా చేరినవాళ్లకు సూపర్‌వైజర్ సూది పట్టడం కంటే ముందు నేర్పే పాఠం ఇదే: పోయినా ఫర్వాలేదనుకున్నది బల్ల మీద ఉంచు, మళ్లీ కావాలనుకున్నది బుట్టలో వెయ్యి. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు మెషిన్నీ కంప్యూటర్నీ జతగా పాత సామానులో అమ్మేస్తుంటే ఆవిడ తెచ్చుకుంది. తెర మీద బల్ల ఉంది. బల్ల మీద ఒక మూలగా బుట్ట ఉంది. ఇందులో నవ్వాల్సిందేముంది? ఇన్నేళ్లుగా చేసిన ప్రతి డిజైన్నీ, పనవగానే, ఆవిడ ఆ బుట్టలోకి లాగింది. కావాల్సివస్తే బుట్ట తెరిచి, రెస్టోర్ నొక్కి బల్ల మీదికి తెచ్చుకునేది, పనయ్యాక మళ్లీ బుట్టలో వేసేది. ఒక్కసారైనా ఒక్కటైనా పోలేదు.

రీసైకిల్ బిన్‌లో ఎవరైనా జీవితం దాచుకుంటారని ఏ మేస్త్రీకి తట్టాలి?

మధ్యాహ్నానికి కొత్త సిస్టమ్ ఎక్కింది. తెర మీద కొండో సముద్రమో ఏదో నిగనిగలాడింది. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను అది మొదట గుర్తుపట్టనంది. పాత పద్ధతిలో నడిచేలా ఏవో సర్దుబాట్లు చేస్తే దారికొచ్చింది. కేబుల్ తగిలించారు, మెషిన్ పలికింది. కంపెనీ సైటు తెరిచారు, తెల్ల పేజీ లేదు. ఆవిడ వేరే కుర్చీ తెచ్చి మేస్త్రీని కూర్చోబెట్టి, స్కూలు బ్యాడ్జీ డిజైన్ తీద్దామని బుట్ట నొక్కింది.

ఖాళీ.

మేస్త్రీకి విషయం అర్థమవడానికి కాసేపు పట్టింది. తుడిచిన డిస్కు మీద కొత్త సిస్టమ్ రాసేశాక పాతవి పైకి తేవడం తన వల్ల కాదన్నాడు. అయినా ఒక సాయంత్రమంతా ఏవేవో ప్రయత్నించాడు. దొరికినవన్నీ సగం సగం ముక్కలు, ఏవీ తెరుచుకోలేదు. అప్పుడు ఓదార్పు మొదలుపెట్టాడు.

"ఒకందుకు మంచిదే మేడమ్. పాతవి పోతేనే కొత్తవాటికి చోటు."

"ఆ మాట నీ డ్రైవ్‌లో ఉన్నవి పోయినప్పుడు చెప్పు మేస్త్రీ, వింటాను."

మేడ మీదినుంచి తమ్ముడు దిగాడు. సంగతి విని తల పట్టుకున్నాడు. అందులో బాధ సగం, ఊరట సగం. "చెత్తబుట్టలో దాచుకుంటారా అక్కా ఎవరైనా?" అన్నాడు.

"నువ్వు బీరువాలో దాచావుగా. తాళంచెవి ఎక్కడుందో చెప్పు."

బీరువా తాళంచెవి పోయి చాలాకాలమైందని ఇంట్లో అందరికీ తెలుసు. తమ్ముడు ఆ సంగతి వదిలేసి అసలు సంగతికి వచ్చాడు. నిరుటి బ్యాడ్జీకి వెంట్రుకవాసి తేడా లేకుండా నమూనా పంపాలని సైటులో రాసుంది. డిజైన్లే లేవు. ఇంక పట్టుదలకు పోవడం దేనికి, ఎవరి తప్పూ కాదు, దేనికైనా ఒక ముగింపు ఉంటుంది, ఇకనైనా విశ్రాంతి తీసుకో. చాలా మంచిమాటలు చెప్పాడు. మంచిమాటల్లో ఉన్న చిక్కు ఏమిటంటే, వాటికి ఎదురుచెప్పినవాళ్లు మొండివాళ్లవుతారు. ఆవిడకు ఆ పేరు ఎప్పటినుంచో ఉంది, కొత్తగా పోయేదేం లేదు.

"విశ్రాంతి నాకొద్దురా. నాకు గది కావాలి" అంది.

ఇద్దరూ వెళ్లిపోయాక ఖాళీ బుట్ట బొమ్మవైపు చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. తిట్టుకుంది, మేస్త్రీని కాదు, సూపర్‌వైజర్‌ని. తర్వాత సూపర్‌వైజరే తనను తిరిగి తిట్టినట్టు అనిపించి కాలు బల్ల కిందికి చాపింది. కాలికి బుట్ట తగిలింది, వెదురుది.

ఏ డిజైన్ అయినా సరుకు మీద కుట్టేముందు పాత గుడ్డ మీద ఒకసారి కుట్టి చూస్తారు. ఆ ముక్కను ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. ఫ్యాక్టరీ పాఠం ప్రకారం అవన్నీ ఆ బుట్టలోనే ఉన్నాయి. బుట్టను గది నేల మీద కుమ్మరించింది. పులులు, గద్దలు, పట్టీలు, మూసేసిన స్కూళ్ల బ్యాడ్జీలు, అడుగున ఎక్కడో తెరిచిన పుస్తకమూ దాని మీద దీపమూ ఉన్న నిరుటి స్కూలు బ్యాడ్జీ. కొంచెం మడతపడింది, అంతే.

దాన్ని వెనక్కి తిప్పింది. ముందువైపు బొమ్మ అందరికీ కనిపించేదే. దాన్ని చూసి గీస్తే ఏదో ఒక పుస్తకం వస్తుంది, ఆ పుస్తకం రాదు. సూది ఎక్కడ మొదలైందో, ఏ మూలనుంచి ఏ మూలకు గెంతిందో, దీపం ముందా పుస్తకం ముందా, ఆ దారంతా వెనకవైపు దారాల్లో ఉంటుంది. పొద్దున్నే రెండువైపులా ఫోనుతో ఫొటోలు తీసింది. పాత సిస్టమ్ ఏనాడూ ఆ ఫోనును మనిషిగా చూడలేదు. కొత్తది కేబుల్ పెట్టగానే ఫొటోలు తెచ్చి ముందు పరిచింది. మింగినదానికి అదైనా బదులివ్వాలి కదా అనుకుని, వాటి మీద గీతలు గీయడం మొదలుపెట్టింది.

మొదటి నమూనాలో దీపం వంగింది. రెండోదానిలో పుస్తకం ఉబ్బి దిండులా వచ్చింది. కోపమొచ్చి ఆ ముక్కను విసిరేసింది, మళ్లీ లేచి వెళ్లి తెచ్చి బుట్టలో వేసింది. ఆ వారమంతా వీధిలో గ్లాసులు వణుకుతూనే ఉన్నాయి. చివరికి వచ్చిన నమూనానూ నిరుటి బ్యాడ్జీనీ పక్కపక్కన పెట్టి, ఏది ఏదో చెప్పమని కిందికి వచ్చిన మరదలిని అడిగింది. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని, తప్పుచెప్పింది. నమూనా కంపెనీకి వెళ్లింది.

మధ్యలో మేస్త్రీ ఒకసారి చూడ్డానికి వచ్చాడు. పాపం, అతనికి నిద్రపట్టలేదట. మళ్లీ అలాంటి పొరపాటు జరగకూడదని, ఆవిడ టీ పెట్టేలోగా, తెర మీదినుంచి బుట్ట బొమ్మనే తీసేశాడు. టీ తెచ్చిన ఆవిడ తెర చూసి గ్లాసు కింద పెట్టలేదు, ఇవ్వనూ లేదు.

"నా బుట్ట ఏది?"

"అదుంటే మీరు మళ్లీ అందులోనే వేస్తారు మేడమ్. ఇదిగో, ఫోల్డర్ చేశాను, ఇంకో కాపీ బయట డ్రైవ్‌లో..."

"ఫోల్డర్‌లో పెడతాను. డ్రైవ్‌లో పెడతాను. నువ్వు చెప్పిన ప్రతిచోటా పెడతాను. బుట్ట లేని బల్ల ముందు మాత్రం కూర్చోను."

బుట్ట తిరిగి వచ్చింది. అప్పుడే టీ అందింది. అతని కళ్లముందే ఆవిడ కొత్త డిజైన్‌కు ఒక కాపీ చేసి, దాన్ని లాగి బుట్టలో వేసింది. అతను నోరు తెరిచి, టీ కోసమే తెరిచినట్టు సర్దుకున్నాడు.

ఆ తర్వాతి సోమవారం తమ్ముడు సెల్‌ఫోన్ల వ్యాపారిని వెంటబెట్టుకుని వచ్చాడు. కంపెనీనుంచి కబురేదీ ఇంతవరకు తన చెవిన పడలేదు కాబట్టి ఇక రాదని తనే లెక్కవేసుకున్నాడు, ఆవిడను అడగలేదు. వ్యాపారి చేతిలో కొలతల టేపు. గాజు అలమరలు ఎక్కడెక్కడ వస్తాయో కొలుచుకోవాలి. గదిలో మెషిన్ నడుస్తోంది. ఒక్క బ్యాడ్జీ కాదు, చట్రం నిండా వరసలు వరసలుగా పుస్తకాలు, దీపాలు. తమ్ముడు ఏదో అన్నాడు. ఆవిడ చెవి చూపించి చెయ్యి ఊపింది. తమ్ముడు గొంతు పెంచాడు. మెషిన్ గొంతు ఎప్పటిలాగే ఉంది. వ్యాపారి టేపు ఒక కొస గోడకు ఆనించి, రెండో కొసతో మెషిన్ దాటబోయి ఆగాడు. సూదులు అతని మోచేతికి జానెడు దూరంలో ఆడుతున్నాయి.

"ఇది కొంచెం ఆపితే కొలుచుకుంటానమ్మా" అని అరిచాడు.

"ఆగాక కొలుచుకోండి."

"ఎప్పుడాగుతుంది?"

ఆవిడ కంప్యూటర్ తెరను తమ్ముడివైపు తిప్పింది. కంపెనీ సైటు తెరిచి ఉంది. నమూనా ఆమోదమైనట్టు ఆకుపచ్చ గుర్తు, దాని కింద ఈ ఏటి ఆర్డరు, అదే బ్యాడ్జీ పెట్టుకునే స్కూలు తర్వాత స్కూలు, పేజీ కిందికి జరుగుతూనే ఉంది. తమ్ముడు చదివాడు. మౌస్‌తో కిందికి జరిపి చదివాడు. ఇంకా కిందికి జరిపాడు.

అప్పుడు ఆ మెత్తటి మనిషి వ్యాపారి దగ్గరికి వెళ్లి, గోడకు ఆనించిన టేపు కొస తనే విడిపించి, చుట్టి అతని చేతిలో పెట్టాడు. ఏదో అన్నాడు కూడా. ఏమన్నాడో మెషిన్ చప్పుడులో ఎవరికీ వినబడలేదు. ఆవిడ అడగలేదు. దారం రంగు మార్చే సమయమైంది, పసుపు కండె అందుకుంది.