ఉమైమా విప్పిన గుడారం

ఉమైమా నేసిన గుడారానికి నడుమ ఒక తెల్లచార ఉండేది. నల్ల మేకవెంట్రుకల మధ్య ఆ చార, ఒలికి ఆగిపోయిన పాలధారలా, యూఫ్రటీస్ అవతలి గట్టుకు కూడా కనిపించేది. గుడారపు తాడు పట్టుకున్నవాడికి ఇక ప్రాణభయం లేదని మా తెగలో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆ ఏడు మా అమీరు ఉత్తరాన ఏలే క్రైస్తవ రూమ్ చక్రవర్తి పంపిన పట్టు అంగీ తొడుక్కుని, అతనికి పగవాడైన కైరో ఖలీఫానే తన ఏలిక అన్నట్టు ఆయన పేరు మీద ప్రార్థన చదివించాడు.

"ఉన్నవి రెండు చెవులు. ఒకటి రూమ్‌కిచ్చాడు, ఒకటి కైరోకిచ్చాడు. ఇక మన మొర ముక్కుతో వింటాడు కాబోలు," అని నీళ్ల దగ్గర ఆడవాళ్లు నవ్వుకునేవారు.

ఒక మధ్యాహ్నం, కైరో కొలువు నుంచి పారిపోయి వచ్చిన జవ్వాస్ అనే ముసలి లేఖకుడు ఉమైమా గుడారపు తాడు పట్టుకుని కూలబడ్డాడు. ఆమె రొట్టె పెట్టింది, ఒంటెపాలు పోసింది. అతను అతిథి అయ్యాడు.

మర్నాడు అమీరే వచ్చాడు. చిన్నప్పుడు ఉమైమా తల్లి పాలు తాగి పెరిగినవాడు.

"అక్కా, ఆ ముసలాణ్ణి కైరో అడుగుతోంది. ఇవ్వకపోతే మన బీళ్లన్నీ తగలబెడతారు."

"రూమ్ వాళ్లు ఊరుకుంటారా?"

"వాళ్లు అంగీలిస్తారు, సైన్యమివ్వరు."

"తాడు పట్టుకున్నోణ్ణి ఎట్లా ఇస్తావురా? పట్టు తొడుక్కోగానే తాగిన పాలు మర్చిపోయావా?"

"ఇమ్మని నేనెక్కడన్నాను? గడ్డి అయిపోయింది, విడిది ఎత్తెయ్. గుడారమే లేనిచోట అతిథెవడు?"

గడ్డి మోకాలెత్తున ఊగుతోంది. ఉమైమా గడ్డిని చూసింది, మేస్తున్న తన ఒంటెలను చూసింది.

పొద్దున ఆమె మేకులు పీకుతుంటే జవ్వాస్ లేచి వచ్చాడు.

"వలసా తల్లీ? ఉండు, ఊరికే తిని కూర్చున్నాను."

తాను పట్టుకున్న తాడునే విప్పి, శ్రద్ధగా చుట్ట చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అందుకుంది. గుడారం నిట్టూర్పులా నేలకు వాలింది. గుట్ట వెనక కాచుకున్న కైరో రౌతులు కదిలారు. ముసలాయన వాళ్లను చూశాడు, ఆమె చేతిలోని తాడును చూశాడు.

"రొట్టె బాగుందమ్మా," అన్నాడు.

ఆ తర్వాత ఎక్కడ విడిది చేసినా ఉమైమా ఒక తాడును దారిదాకా పొడుగ్గా లాగి కట్టేది.

"ఆ చార విప్పేద్దామే అమ్మా, ఎవరూ గుర్తుపట్టరు," అంది కూతురు.

"పట్టనీ," అంది ఉమైమా.

ఒక వేసవిలో, ఎండకు తూలుతున్న బాటసారి ఒకడు ఆ తాడుకు చెయ్యి చాచి, తలెత్తి తెల్లచారను చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తాడు దాటుకుని వెళ్లి, ఒంటెలు తాగి వదిలిన మడుగులో దోసిలి ముంచాడు.

పాలగిన్నెతో బయటికి వచ్చిన ఉమైమా, అతను తాగడం అయ్యేదాకా తల దించుకుని అక్కడే నిలబడింది.