ముత్తక్క మీద ముత్తక్క అభ్యంతరం

బూర్గంపాడు బ్యాంకులో గోడవార బెంచీ మీద కుంజా ముత్తక్క ఎంతగా కూర్చుందంటే, ఆమె గుమ్మంలో కనిపించగానే అటెండరు అడగకుండానే మంచినీళ్ల బాటిలు తెచ్చి పక్కన పెట్టేవాడు. ఆమెకు కావలసింది నీళ్లు కాదు, అప్పు. నీళ్లు మాత్రం ఎప్పుడూ దొరికేవి.

ఆమె ఊరు ఇప్పలగుంపు. అడవి అక్కడితో అయిపోతుంది, గోదావరి అక్కడ మొదలవుతుంది. ఊరి ముందు ఏటిలో మేట వేసిన ఇసుకను తవ్వి అమ్ముకునే హక్కు అక్కడి కోయ మహిళల సొసైటీదే. ఏజెన్సీలో భూమి గానీ, దాని కిందున్నది గానీ బయటివాళ్ల చేతికి పోకూడదని చట్టం. సొసైటీకి అధ్యక్షురాలు ముత్తక్క. జూన్ నెలాఖరులోగా డిపాజిట్ కడితే లీజు కాగితం వస్తుంది, వానలు తగ్గాక తవ్వుకోవచ్చు. కట్టకపోతే ఆ రీచ్, అంటే ఆ ఇసుక మేట, ఇంకో ఊరి సొసైటీకి వెళ్లిపోతుంది. డిపాజిట్‌కు సరిపడా సొమ్ము ఊరంతా కలిసి వెతికినా లేదు.

సొమ్ము పెట్టే మనిషి లేక కాదు. పాల్వంచ కాంట్రాక్టరు వీరభద్రం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాడు. కిందటిసారి పెట్టింది అతనే. "సంతకం నువ్వు పెట్టక్కా, తక్కినదంతా నేను చూస్కుంట" అన్నాడు. చూసుకున్నాడు కూడా. పొక్లెయిన్ దించాడు, లారీలు దించాడు, మనిషి లోతుకు తవ్వకూడదన్న చోట తాటిచెట్టు లోతుకు తవ్వాడు. ఆడవాళ్లకు లారీకి ఇంత అని చిల్లర చేతిలో పెట్టాడు. ఆ తర్వాత అధికారులు వచ్చి గుంత కొలిచారు. జరిమానా నోటీసు వచ్చింది. వీరభద్రం పేరు మీద కాదు, అధ్యక్షురాలు కుంజా ముత్తక్క పేరు మీద.

"నేనేం చేద్దునక్కా, లీజు నీ పేరు మీదుండె" అన్నాడు వీరభద్రం, చాలా బాధగా.

అప్పటినుంచి కొత్తగూడెంలో మైనింగు ఆఫీసు మెట్లెక్కడం ముత్తక్కకు ఒక పని అయిపోయింది. ఆమె తునికాకు కోసింది, ఏన్కూరు పక్క మిరప తోటల్లో కూలికి పోయింది, మూడు కాన్పులు ఇంట్లోనే చేసుకుంది. వాటిలో ఏదీ ఇంతగా విసిగించలేదని ఎవరితోనైనా చెప్పేది. అధ్యక్షురాలిని చేసిందెవరంటే ఊరే. అయిదో తరగతి దాకా చదివింది, సంతకం గబగబా పెడుతుంది, మీటింగులో ఆమె గొంతు చివరి వరస దాకా వినిపిస్తుంది. ఇంతకు మించిన అర్హతలేవీ ఎవరూ అడగలేదు. ఈసారి కాంట్రాక్టరు వద్దు, బ్యాంకు అప్పుతో మనమే తవ్వుకుందామని గ్రామసభలో అన్నది ఆమే. కాబట్టి తిరగాల్సిందీ ఆమే.

"లీజు కాగితం తెండి, లోను సంగతి చూద్దాం" అన్నాడు బ్యాంకు మేనేజరు.

"డిపాజిట్ కట్టు, లీజు కాగితం ఇస్తాం" అన్నారు మైనింగు ఆఫీసులో.

ఆమె మళ్లీ బ్యాంకుకు వచ్చింది. "డిపాజిట్ కట్టేటందుకే కద సారూ లోను అడుగుతున్న?"

మేనేజరు చెడ్డవాడు కాదు. అదే పెద్ద చిక్కు. చెడ్డవాడైతే తిట్టి వెళ్లిపోవచ్చు. అతను కుర్చీ వేయించి, ఓపిగ్గా వివరించేవాడు. "అమ్మా, మీరు అప్పు కట్టలేదనుకోండి. మేము ఏదో ఒకటి వేలం వెయ్యాలి. లీజు వేలం వేస్తే బయటివాడు కొనకూడదు. గిరిజనులే కొనాలి. మీ ఊళ్లో కొనేదెవరు? ఆ చట్టం మిమ్మల్ని కాపాడటానికే పెట్టారు."

"కాపాడుడు జర ఎక్కువైంది సారూ."

"గేదెలకైతే మీ పొదుపు సంఘానికి రేపే ఇచ్చేస్తాను. ఏ తాకట్టూ వద్దు."

"గీ ఆడోళ్లే కద సారూ? గేదె పేరు చెప్తే నమ్ముతరు, ఇసుక పేరు చెప్తే నమ్మరా?"

మేనేజరు నవ్వి, అది వేరే పథకం అన్నాడు.

చివరికి భద్రాచలంలో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ అధికారి, డిపాజిట్ పడగానే లీజు ఈ సొసైటీకేనని ఒక ఉత్తరం రాసిచ్చాడు. దాని బలంతో కొత్తగూడెంలో ఒక లెక్కల బాబు ప్రాజెక్టు రిపోర్టు తయారు చేశాడు. రంగు అట్ట, లోపల నదీ బొమ్మ. అందులో పొక్లెయిన్ కూడా ఉంది.

"మిషిన్ ఎందుకు బాబూ? పోయినసారి మమ్మల్ని ముంచింది అదే" అంది ముత్తక్క.

"మిషిన్ లేకపోతే లాభసాటిగా కనపడదమ్మా. అందరి రిపోర్టుల్లోనూ ఉంటుంది."

మిషిన్ ఉండటంతో అప్పు పెద్దదైంది. అప్పు పెద్దది కావడంతో మేనేజరు చేతులు దాటి హెడ్డాఫీసుకు పోయింది. హెడ్డాఫీసు, స్థలం చూసి రమ్మని సందీప్ అనే ఫీల్డాఫీసరును పంపింది. ఎప్పుడొస్తాడో ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా వెళ్లి చూడటమే పద్ధతట.

అతను వచ్చింది భూమి పండుగ రోజున.

ఆ మన్యంలో విత్తనం భూమిలో పడటానికి ముందు చేసుకునే పండుగ అది. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవిలోకి వేటకు పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి, పాడుతూ ఆడుతూ వచ్చేపోయే బండినల్లా ఆపుతారు. పదో ఇరవయ్యో ఇచ్చినవాడికి తాడు కిందికి దిగుతుంది. ఆ డబ్బుతో ఊరంతా కలిసి వండుకు తింటుంది. ఆర్టీసీ బస్సు డ్రైవర్లు ఆ రోజుకని జేబులో చిల్లర వేసుకుని వస్తారు. ఇసుక లారీల వాళ్లకు తెలుసు, పోలీసులకు తెలుసు. వీరభద్రం పొద్దున్నే వచ్చి, అయిదు వందల నోటు తీసి, వరసలో దూరి రెండు అడుగులు వేసి మరీ పోయాడు. "నోటు గట్టిగున్నది గానీ నడుం గట్టిగ లేదు తమ్మీ" అని వరసలో ఉన్న చిన్నక్క అంటే అందరితో పాటు తానూ నవ్వాడు.

మధ్యాహ్నం అద్దాలు ఎత్తిన తెల్లకారు వచ్చింది. డప్పు మోగుతోంది. ముత్తక్క తాడుకు అవతలి కొసన, చెట్టు దగ్గర ఉంది. కారు చుట్టూ ఆడవాళ్లు చేరారు. వాళ్లలో జంపక్క అద్దం మీద వేళ్లతో తట్టింది.

"దిగు అల్లుడా, దిగు! పైసలియ్యనిదే బండి కదలది."

అద్దం కొంచెం దిగింది. "నేను బ్యాంకు నుంచి వచ్చాను."

"అట్లనా! బ్యాంకోళ్లయితే ఇంక జాస్తి ఇయ్యాలె!"

నవ్వులు, ఈలలు. అద్దం పైకి లేచింది. కారు వెనక్కి తిరిగి, వచ్చిన దుమ్ములోనే పోయింది. "పిసినారోడు" అని ఒకరన్నారు. తర్వాత అందరూ మరిచిపోయారు.

ముత్తక్కకు సంగతి తెలిసింది బ్యాంకులో. మేనేజరు కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పి చదివాడు. "ఇసుక తవ్వకానికి స్థానిక మహిళల నుంచి తీవ్ర వ్యతిరేకత. రోడ్డు దిగ్బంధం. బ్యాంకు నుంచి వచ్చానని తెలిశాక ఆగ్రహం ఇంకా పెరిగింది. చెట్టు దగ్గర ఎర్రచీర కట్టుకున్న ఒక మహిళ నాయకత్వం వహించింది."

ముత్తక్క తెర మీదికి వంగింది. "ఆ ఎర్రచీర నేనే సారూ."

"మీరా?"

"మా ఆడోళ్లే సారూ వాళ్లంత. లోను అడిగింది గూడ వాళ్లే. పండుగ సారూ అది! డ్యాన్సు చేస్తుంటే ఆగ్రహం అంటడేంది ఆయన?"

మేనేజరు నవ్వాపుకోవడానికి గ్లాసెడు నీళ్లు తాగాడు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. నెలాఖరు దగ్గరపడుతోంది.

మళ్లీ వెళ్లమంటే సందీప్ భయపడ్డాడు. ముత్తక్క అతని కారు వెనక సీట్లో తానే ఎక్కి కూర్చుంది. "నేనుండంగ ఎవరు ఆపుతరు, పోనియ్యి బిడ్డా" అంది. ఊళ్లో ఆడవాళ్లు అతన్ని గుర్తుపట్టి మంచం వాల్చారు, చాయ్ ఇచ్చారు. పాతికేళ్ల కుర్రాడు, సిగ్గుపడి జేబులోంచి వంద కాగితం తీశాడు.

జంపక్క చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఇప్పుడు తీస్కోరాదు. పండుగయిపోయింది. ఇప్పుడు తీస్కుంటే అడుక్కున్నట్టయితది."

"ఆ రోజు పది ఇచ్చి పోతే అయిపోతుండె గదయ్యా" అంది చిన్నక్క. "కాంట్రాక్టరుకున్న తెలివి బ్యాంకుకు లేకపాయె."

సందీప్ కొత్త రిపోర్టు రాశాడు. నిజాయితీగానే రాశాడు, పండుగ గురించి ఒక పేరా కూడా పెట్టాడు. కానీ పాతది తుడిచేయడానికి కంప్యూటరు ఒప్పుకోదట. వ్యతిరేకత నమోదయ్యాక, వ్యతిరేకించినవాళ్లు తమకు ఇక అభ్యంతరం లేదని రాసివ్వాలట. ముత్తక్క అందరినీ కూడగట్టి ట్రాక్టరెక్కించి బ్యాంకుకు తెచ్చింది. ముత్తక్క ప్రాజెక్టు మీద ముత్తక్కకు అభ్యంతరం లేదని ముత్తక్క రాసి సంతకం పెట్టింది. మిగతావాళ్లు వరసగా పెట్టారు.

"మనం వద్దన్నదెప్పుడే?" అని ఒకరడిగారు.

"నోరు మూస్కొని పెట్టు, లేకుంటే దీనికి గూడ ఒక కాగితం అడుగుతరు" అంది జంపక్క.

ఆ కాగితాలు హెడ్డాఫీసుకు వెళ్లాయి. అభ్యంతరం చెప్పినవారూ అప్పు అడిగినవారూ ఒకరే ఎలా అయ్యారో వివరణ ఇవ్వమని జవాబు వచ్చింది.

ఆ రోజు వీరభద్రం బ్యాంకు బయటే బండి మీద కూర్చుని ఉన్నాడు. "ఇంకెన్ని దినాలు తిరుగుతవక్కా? ఊఁ అను, రేపు పొద్దుగాల డిపాజిట్ కడత. నీ కాళ్ల నొప్పులైనా తగ్గుతయి."

నిజంగానే ఆమెకు కాళ్లు నొప్పులు. ఊఁ అనడం ఎంత తేలికో ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. పోయినసారి అన్నది కూడా ఇలాగే, అలసిపోయి. ఆమె జవాబివ్వకుండా లోపలికి పోయి ప్రాజెక్టు రిపోర్టును మేనేజరు బల్ల మీద టప్పున వేసింది.

"హెడ్డాఫీసుకు ఎందుకు పోయింది సారూ ఇది?"

"అప్పు పెద్దదమ్మా. నా పరిధిలో లేదు."

"పెద్దగెందుకైంది?"

"మిషిన్ ఉంది కదా."

"మిషిన్ తీసెయ్యండి."

"మరి ఎలా తవ్వుతారు?"

"పారతోని తవ్వుతం, తట్టతోని మోస్తం. మా అయ్య కాలంల గట్లనే తవ్విండ్రు. ట్రాక్టర్లు కిరాయికి పెడతం. లోతు గుంత ఉండదు, జుర్మానా ఉండదు. నాకు డిపాజిట్‌కు మాత్రం ఇయ్యండి. విసిగిపోయిన సారూ, ఇస్తే ఇయ్యండి, లేకుంటే లేదని చెప్పండి. ఈ బెంచీ మీద ఇంక కూర్చోను."

మేనేజరు రిపోర్టు పేజీలు తిప్పాడు. కాలిక్యులేటరు తీశాడు. మిషిన్ కొట్టేస్తే మిగిలింది అతని పరిధిలోకే వస్తోంది. పొదుపు సంఘానికి గేదెల కోసం ఇచ్చే అప్పుకు అదేం పెద్ద దూరంలో లేదు.

"ముందే చెప్పలేదేమమ్మా?" అన్నాడు.

ముత్తక్క అతని వంక చూసిన చూపుకు అటెండరు బయటికి వెళ్లిపోయాడు.

డిపాజిట్ గడువులోగానే పడింది. దసరా దాటాక ఇప్పలగుంపు ఆడవాళ్లు ఏటిలోకి దిగి పారలు పట్టారు. వీరభద్రం గుంతలోంచి నాలుగు నెలల్లో పోయినంత ఇసుక వీళ్ల తట్టల్లో ఏడాదికీ పోదు. నడుములు పోతున్నాయి. పొద్దున్నే లేచి నొప్పి మాత్ర వేసుకునే పని ముత్తక్కకు కొత్తగా వచ్చి చేరింది. పాత జరిమానా ఆమె పేరు మీద అలాగే ఉంది, దాని మీద విచారణ ఎప్పటికప్పుడు వాయిదా పడుతోంది. కానీ ట్రాక్టరు నిండాక దాని కూలి ఎవరికి ఎంతో ఏటి ఒడ్డునే పంచుకుంటున్నారు. లీజు మీద ఉన్న పేరూ, పార మీద ఉన్న చెయ్యీ ఒకటే కావడం ఆ ఊరికి ఇదే మొదలు.

ఏడాది తిరిగేసరికి అప్పు కొత్తది చేయించుకోవడానికి ఆమె మళ్లీ బ్యాంకుకు వచ్చింది. కిస్తీలు సరిగానే కట్టారు. మేనేజరు తెర చూసి, ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

"ఏం అనుకోకండమ్మా. ఆ పాత రిపోర్టు ఇంకా ఉంది. ఎర్రచీర మహిళ నాయకత్వంలోని ఆందోళన ప్రస్తుతం ఏ స్థితిలో ఉందో రాయమంటున్నారు."

ముత్తక్క బెంచీ మీద కూర్చుని, నడుము పట్టుకుని, అటెండరు తెచ్చిన నీళ్లు సగం తాగింది.

"ఆమెకు ఇంక కోపం తగ్గలేదని రాయండి సారూ."

మేనేజరు నవ్వాడు. ముత్తక్క నవ్వకుండా తెర వైపు చూస్తుంటే, నవ్వు ఆపి, ఏం రాయాలో తెలియక ఆ గడిని ఖాళీగా వదిలేసి, అప్పు కాగితం ఆమె ముందుకు జరిపి వేలితో చూపించాడు, సంతకం ఎక్కడ పెట్టాలో.