గంగులప్ప అరువిచ్చిన ప్రతి

కిర్రు... కిర్రు... టక్. కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ కిర్రు...

మరమగ్గాల మోతకు గోడలు అదిరే వీధి అది. ఆ మోత అడుగున, పారే నీటి కింద గులకరాయిలా, ఈ చిన్న చప్పుడు పడి ఉంటుంది. చేత్తో తిప్పే రాట్నం చప్పుడు. దారం తెగితే ఆగుతుంది, ముడి వేస్తే కదులుతుంది. కార్వేటినగరానికి దగ్గర్లోని ఆ నేతవీధిలో అందరూ నూలు కండెలు చుట్టడానికి కరెంటు మిషన్లు పెట్టుకున్నారు. రాట్నం మిగిలింది గంగులప్ప ఇంట్లోనే.

గంగులప్ప అరవై దాటిన మనిషి. భుజాల దాకా జుట్టు, దాన్ని వెనక్కి లాగి కట్టిన నూలుపోగు. చెవులకు కమ్మల తూట్లు. మీసం ఎప్పుడూ పెంచలేదు. కొత్తవాళ్లు ఆ చెవులను చూసి నవ్వుకుంటారు, ఊరివాళ్లు నవ్వరు. ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుడి ముందు భారతం మొదలైతే, పద్దెనిమిది రోజులూ ఆ చెవులకే కమ్మలు తగిలించి, ఆ జుట్టునే విరబోసి ఆయన ద్రౌపది అయ్యేవాడు. ఆ రోజుల్లో కాళ్లకు చెప్పులుండవు, ఇంట్లో నీచు వండరు. ఆడవాళ్లు పసిబిడ్డలను తెచ్చి ఆయన పాదాల దగ్గర పడుకోబెట్టి "అమ్మా" అని పిలిచేవాళ్లు. భారతం ముగిసిన మర్నాడు అదే నోళ్లు "ఒరే గంగులప్పా, మా కండెలు యాడరా?" అని అరిచేవి. ఏ పిలుపుకైనా ఆయన ఒకే మెత్తదనంతో పలికేవాడు.

నాటకం ఆడేవాళ్లకు ప్రతి అంటే ఆట ప్రాణం. పద్యాలూ పాటలూ మాటలూ ఉన్న పుస్తకం. గంగులప్ప దగ్గరున్నది ఆయన గురువు చంద్రమౌళి అయ్యవారు ఎప్పుడో అచ్చు వేయించింది, మిగిలింది అదొక్కటే. దాన్ని ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ ఒక పద్ధతి ఉంది. ఇంకో ఊరి జట్టుకు అది కావాలంటే పళ్లెంలో ఆకూ వక్కా పెట్టి అడగాలి. ఒక్క భారతానికే ఇస్తారు. ఆఖరి రోజు తొక్కే అగ్నిగుండం చల్లారాక అదే పళ్లెంలో తెచ్చి అప్పజెప్పాలి. అప్పజెప్పాక అందులోని పాట ఆ జట్టు నోట మళ్లీ రాకూడదు. వస్తే ఎవరూ కొట్టరు, పంచాయితీ పెట్టరు. ఆ జట్టును ఇంకే ఊరూ పిలవదు, అంతే. గంగులప్ప తన ఎరుకలో ఈ మాట తప్పినవాణ్ని చూడలేదు.

అయితే ఆయన పాడే ఒక ఏడుపు ఆ ప్రతిలో లేదు. మట్టితో చేసిన దుర్యోధనుడు మైదానం నిండా వెల్లకిలా పడి ఉన్న రోజు, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. ప్రతి ప్రకారం ఆమె అప్పుడు గెలిచి నవ్వాలి. గంగులప్ప ద్రౌపది నవ్వేది కాదు. యుద్ధం మింగేసిన బిడ్డలను పిలిచేది.

ఆ మాటలు ఏ కవీ రాయలేదు. అవి ఆయన భార్య ప్రసూనాంబవి. పెళ్లయిన కొత్తల్లో వాళ్లకొక ఆడబిడ్డ పుట్టింది. మూడేళ్ల పిల్లకు జ్వరం తగిలితే ఎత్తుకుని చిత్తూరు బస్సెక్కారు. దారిలోనే, తల్లి ఒడిలోనే, పిల్ల చల్లబడింది. తెలిస్తే కండక్టరు నడిదారిలో దించేస్తాడేమోనని ప్రసూనాంబ గొంతెత్తలేదు. పిల్ల చెవికి పెదవులు ఆనించి, చిత్తూరు దాకా ఏవో మాటలు చెబుతూనే ఉంది. కిటికీ అవతల మామిడితోటలు వెనక్కి పోతున్నాయి. ఆ మాటలు విన్నది పక్కన కూర్చున్న గంగులప్ప ఒక్కడే.

కొన్నేళ్లకు ఒక భారతంలో, జుట్టు ముడేసుకునే చోట, నవ్వబోయిన నోట్లోకి ఆ మాటలు వాటంతటవే వచ్చాయి. మద్దెల ఆగిపోయింది. ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. ఇంటికొచ్చాక ప్రసూనాంబ అన్నం పెట్టింది. ఆయన చెయ్యి కడుక్కునేదాకా ఆగి, చెప్పింది.

"అది నీ నోట్లోనే ఉండనీ. బిడ్డకు నాయనవి గాబట్టి ఊరుకుంటా ఉండా. ఇంకెవురి నోట్లోనన్నా యింటే నేను ఓర్సుకోలేను."

"ఇంకెవురికి ఇస్తానే?" అన్నాడు గంగులప్ప.

ఇవ్వలేదు కూడా, సుకుమార్ వచ్చేదాకా.

సుకుమార్ ఆ ఊరివాడే. ఫ్లెక్సీలూ పెళ్లిపత్రికలూ వేసే చిన్న అంగడి పెట్టుకుని, భారతం కమిటీలో చేరాడు. చెడ్డవాడు కాదు. పండగ నాలుగూళ్లకు తెలియాలని తపన. ఒకరోజు గంగులప్ప ఇంటికొచ్చి ప్రతి చేతిలోకి తీసుకుంటే, కాగితాలు పొడిగా రాలాయి.

"మామా, చెద తినేసి జల్లెడైపోయింది గదా! ఫోన్లోకి ఎక్కించేద్దాం."

"ఎట్ల ఎక్కిస్తావప్పా? అంతా ఎవురు రాస్తారు?"

"ఎవురూ రాయబల్లేదు. ఫొటోలు తీస్తే పీడీఎఫ్ అయితాది. పీడీఎఫ్ అంటే అంగట్లో అద్దం ఎనకాల పెట్టిన చీర మాదిరి. సూడొచ్చు, కట్టుకునేదానికి లేదు. దాన్ని ఇంకో యాప్‌లో ఏసి వర్డ్ సేస్తే చీర చేతికొస్తాది. యాడంటే ఆడ మడతేసుకో, కావాలంటే కత్తిరించుకో."

"కత్తిరించేది ఎందుకురా?"

"మాటకు సెప్తినిలే మామా!"

పెరట్లో ఎండ పడేచోట పేజీలు పరిచి, గాలికి ఎగరకుండా మూలల మీద కండెలు పెట్టి, సుకుమార్ ఫొటోలు తీశాడు. యాప్‌లో వేశాడు. తెర మీద చిన్న చక్రం తిరిగింది. అయ్యవారి పుస్తకం నల్లటి కొత్త అక్షరాలై లేచి నిలబడింది. గంగులప్ప కళ్లు తడిశాయి. అయ్యవారే తలంటుకుని, చలువ బట్టలు కట్టుకుని ఎదురొచ్చినట్టుంది.

కానీ చెద తిన్నచోటల్లా ఖాళీ. రెండు వరుసల్లో అచ్చయిన పాటలు ఒకదాంట్లోకి ఒకటి చొరబడిపోయాయి. వాటిని విడదీయాలన్నా, ఖాళీలు పూడ్చాలన్నా గంగులప్ప నోరే దిక్కు. సుకుమార్ మైకు గుర్తు మీద వేలుపెట్టి ఫోను ఆయన ముందుకు చాచాడు. ఆయన కళ్లు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. ఫోనుకు ఒక్క ముక్కా అందలేదు.

"రాగం తీసెయ్ మామా. ఊరికే మాటలు సెప్పు, రేషను అంగట్లో సరుకులు అడిగినట్ల."

రాగం తీసేస్తే ఆయనకు మాటలే రాలేదు. చివరికి ఒక దారి దొరికింది. ముందు గోడవైపు తిరిగి పాడుకునేవాడు. గోడ దగ్గర దొరికిన మాటలను, మరిచిపోకముందే ఇటు తిరిగి, వట్టిగా ఫోనుకు చెప్పేవాడు. అలా చెబుతుంటే నిండు సభలో పాట ఒంటిమీది బట్ట లాగుతున్నట్టు సిగ్గేసేది.

"ఈ మిషనుకు చెవులుండాయి గానీ గుండె లేదురా," అనేవాడు.

"గుండె ఉంటే బ్యాటరీ ఇంకా తొందరగా అయిపోతాది మామా," అనేవాడు సుకుమార్.

జుట్టు ముడేసుకునే పేజీ దగ్గరికి వచ్చారు. ఆ పేజీ మిగల్లేదు, అంచు తప్ప.

"ఈడ ప్రతిలో నవ్వుండాదంట. నువ్వు ఏడస్తావు గదా. ఆ ఏడుపే సెప్పెయ్."

"అది ప్రతిలోది కాదు."

"అందుకే సెప్పమంటా ఉండేది. నీ తర్వాత ఎవురికి తెలుస్తాది మామా? నీతోనే మట్టిలో కలిసిపోతాది."

ఆ మాట ఆయనను కదిలించింది. ప్రసూనాంబ ఇంట్లో లేదు, పుత్తూరు సంతకు పోయింది. కండె తీసి చేతిలో తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. ఆయన తూచిన తూకం ఒకటే. పద్ధతి ప్రకారం ఇచ్చింది పద్ధతి ప్రకారం తిరిగొస్తుంది. ఫోనుకిచ్చినా, మనిషికిచ్చినా.

"అయితే ఆకూ వక్కా పెట్టి అడుగు. ఒక్క భారతానికి ఇస్తా. గుండం చల్లారినాక అప్పజెప్పల్ల."

సుకుమార్ నవ్వి వంటింట్లోకి పోయి పళ్లెం తెచ్చాడు. "నీ పళ్లెమే, నీ ఆకే, అడిగేది మాత్రం నేను. బాగుండాదబ్బా ఈ యాపారం!" అని పళ్లెం చాచాడు. గంగులప్ప మొక్కి పుచ్చుకున్నాడు. తర్వాత గోడవైపు తిరగకుండానే, ఆ మాటలు చెప్పాడు. వాటికి రాగం అక్కర్లేదు. బస్సులో అవి వట్టి మాటలుగానే పుట్టాయి. ఫోను ఒక్కటీ పోగొట్టకుండా రాసుకుంది.

ఆ ఏడు ద్రౌపది ఆయనే. గుండం చల్లారింది. మర్నాడు పొద్దున్నే గంగులప్ప అంగడికి పోయి, ఖాళీ పళ్లెం బల్ల మీద పెట్టాడు.

"నా ప్రతి అప్పజెప్పురా."

"పుస్తకం నీ ఇంట్లోనే ఉండాది గదా మామా?"

"ఫోన్లోది."

సుకుమార్ ఆయన ముఖం చూసి నవ్వు ఆపుకుని, ఫోను ఆయనవైపు తిప్పి, ఆ ఫైలు మీద వేలు నొక్కి పట్టి, చెత్తబుట్ట గుర్తు తాకాడు. ఫైలు మాయమైంది.

"ఇంగ లేదు. సరేనా?"

గంగులప్ప పళ్లెంలోని వట్టి గాలిని రెండు చేతులతో కళ్లకద్దుకున్నాడు. ఇంటికి పోయే దారిలో ఆయనకు అడుగులు తేలికగా పడ్డాయి. పద్ధతి నిలబడింది.

తరువాతి ఏడు కమిటీవాళ్లు వచ్చారు. మోకాళ్లు పట్టేస్తున్నాయి కదా, విశ్రాంతి తీసుకో అన్నారు. తిరుపతి నుంచి సుజన అనే అమ్మాయి ద్రౌపదిగా వస్తుందన్నారు. ఆడమనిషి వేషం ఆడమనిషే కడితే యూట్యూబులో జనం చూస్తారట. అన్నం సయించని బాధే అది. అయినా గంగులప్ప ఒక్కటే అడిగాడు.

"జుట్టు ముడేసుకునే కాడ ఏం పాడతాదంట?"

"ప్రతిలో ఉండేదే మామా," అన్నాడు సుకుమార్.

ప్రతిలో ఉన్నది నవ్వు. గంగులప్ప ఊపిరి పీల్చుకున్నాడు.

దుర్యోధనుడు పడే రోజు ఎండ తెల్లగా కాస్తోంది. మొగుడూ పెళ్లాలిద్దరూ జనంలో నిలబడ్డారు. సుజన మంచి కళాకారిణి. మట్టిబొమ్మ చుట్టూ ఆమె తిరుగుతుంటే దుమ్ము కూడా ఆమె పాదాలకు దారి ఇస్తున్నట్టుంది. జుట్టు చేతిలోకి తీసుకుంది. చెంప మీది చిన్న మైకు దగ్గరికి గొంతు తగ్గించింది. పిల్ల చెవిలో చెప్పినంత మెల్లగా మొదలుపెట్టింది.

మొదటి మాటకే గంగులప్ప చెయ్యి పక్కనున్న భార్య చెయ్యి కోసం వెతికింది. దొరకలేదు.

మైదానమంతా ఏడుస్తోంది. పక్కింటి చంద్రకాంతమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "ఎంత బాగా ఏడస్తా ఉండాదే ఈయమ్మ! గంగులప్పది ఎంతైనా మొగగొంతే గదబ్బా," అంది. ఆయన పక్కనే ఉన్నాడని అప్పుడు చూసి నాలిక కరుచుకుంది.

ప్రసూనాంబ ఆయనవైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. చిత్తూరు బస్టాండులో దిగినప్పటిలాగే, ఏదో మోస్తున్నట్టు రెండు చేతులూ కడుపు దగ్గర ముడుచుకుని, జనాన్ని తోసుకుంటూ వెళ్లిపోయింది.

గంగులప్ప హార్మోనియం వెనక నిలబడ్డ సుకుమార్ భుజం పట్టుకున్నాడు.

"అప్పజెప్పినావు గదరా! నా కండ్ల ముందర!"

"నా ఫోన్లో తీసేసినా మామా, అబద్ధం సెప్పలేదు. అంతకుముందే జట్టు వాట్సాప్ గ్రూపులో పెట్టింటిని. ఆడి నుంచి ఎవురెవురి ఫోన్లలోకి పోయిందో! ఇప్పుడు యాడని తీసేది? అయినా భలే పండింది గదా. తిరుచానూరు వోళ్లు గూడా అడగతా ఉండారు. కావాలంటే నీ పేరు ఏపిస్తా. ఎడిట్ సేస్తే అయిపాయె."

"ఆమె పేరు ఏస్తావా?"

"ఎవురి పేరు?"

గంగులప్ప భుజం వదిలేశాడు.

ఆ రోజు నుంచి ప్రసూనాంబ ఉప్పు అయిపోయిందని చెబుతుంది. నూలు వచ్చిందని చెబుతుంది. అన్నం వేళకు పెడుతుంది. అంతకుముందు ఎప్పుడైనా, దీపం పెట్టేవేళ, పోయిన పిల్ల ముచ్చట ఒకటి ఆమె నోట జారేది: చెవిపోగు లాగడం, బెల్లం దాచుకోవడం. ఇప్పుడు జారదు. సుజన ఏడుపు వీడియోగా వీధిలో ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. మగ్గం ఆపి భోంచేస్తూ చూసేవాళ్లున్నారు. ఎదురింట్లో అది మోగితే, ప్రసూనాంబ లేచి, చప్పుడు చేయకుండా కిటికీ రెక్క మూసి, మళ్లీ కూర్చుంటుంది. ఆ చీకట్లో గంగులప్ప దారం కనపడక ఆగిపోతాడు. తెరవమని అడగడు.

ఇది రాయడానికి వచ్చిన మనిషి, వెళ్లేముందు, ఆ మాటలేవో ఒక్కసారి చెప్పమని అడిగాడు. గంగులప్ప వంటింటి వైపు చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"ఊరు రాసుకో సార్, పేరు రాసుకో, నా చెవులు గూడా రాసుకో. ఆ మాటలు మాత్రం అడగొద్దు. ఆమెకు ఏడ్సుకునేదానికి ఉండింది అవే. ఇప్పుడు ఊరంతా అవే ఏడస్తా ఉంటే, ఆమె ఏం పెట్టి ఏడవల్ల?"