అక్క పాటకు నేను కొన్న డబ్బా

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయి నా పక్కన మంచం మీద కూర్చుని, ఫోనులో రెండు స్పీకరు డబ్బాల బొమ్మలు చూపించి, "గీ రెండిట్ల ఏది తీస్కోవాలె నాన్నా, జర సూడు" అని అడిగింది. నాందేడ్‌లో కొత్తగా వెలిసిన చాయ్ కేఫుల్లో వారానికొకసారి ముప్పై నలభై మంది ముందు గిటారు పట్టుకుని పాడటం ఆమెకు ఈ మధ్య అలవాటైంది. భుజాన తగిలించుకుని పోగలిగేది, కరెంటు లేకపోయినా పనిచేసేది, గిటారునూ గొంతునూ రెండింటినీ వినిపించేది ఒకటి కావాలట. గిటారు నేర్పినవాణ్ణి నేనే కాబట్టి సలహా కూడా నా దగ్గరే ఉంటుందని ఆమె నమ్మకం. కళ్లజోడు సవరించుకుని ఆ బొమ్మలను పైకీ కిందికీ జరుపుతూ చాలాసేపు గడిపాను గాని, నిజం చెప్పాలంటే ఒక్క అక్షరం తలకెక్కలేదు. ఈ పిల్ల పుట్టిన పన్నెండు రోజుల్లో ఇలాంటి రెండు డబ్బాల మధ్య నిలబడి ఒకదాన్ని ఎంచుకున్నవాణ్ణి నేను, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఆ రోజుల్లో నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాను. మా నాన్న నిజామాబాద్ వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు కాబట్టి ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బజారులో దక్కనీ మాట్లాడుతూ పెరిగాం, ఏ భాషలో తిట్టు పడినా మాకు ఇట్టే అర్థమయ్యేది. గిటారు మా మేనమామ అంటగట్టిన పిచ్చి. పూర్ణా రైల్వే కాలనీలో ఒక ఇంజను డ్రైవరు దగ్గర ఆయన నేర్చుకున్న నాలుగు ముక్కలూ నా చేతిలో పెట్టాడు, మిగతాది నేను సొంతంగా పాడుచేసుకున్నాను. నాకంటే ఆరేళ్లు పెద్దదైన మా అక్క పాడేది. చుట్టాల ఇళ్లలో పసుపు ఫంక్షనయినా, సాఖర్‌పుడా అని మేము మరాఠీలోనే పిలుచుకునే నిశ్చితార్థమయినా, అక్క పాటా నా గిటారూ ఉండాల్సిందే. మైకుతో మాకు పనే ఉండేది కాదు, హాలు వెనక పూరీలు వేయించేవాళ్లు కూడా అక్క పాట వింటూ గరిటె ఆపేవాళ్లు.

ధర్మాబాద్‌లో కాపురం, కర్ఖేలి బడిలో పంతులమ్మ ఉద్యోగం, ఇలా సాగుతున్న అక్కకు గొంతు కింద గడ్డ లేచింది. హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకుని వచ్చాక మాట అయితే మిగిలింది గాని, అందులోని బలమంతా ఎక్కడికో పోయింది. గట్టిగా మాట్లాడితే ఉన్నది కూడా పోతుందని డాక్టరు గట్టిగానే చెప్పాడట. బడిలో పిల్లలను ఊరుకోమనడానికి ఒక చేతిగంట కొనుక్కుంది. పాట సంగతి ఎత్తితే నవ్వి లేచి వెళ్లిపోయేది, ఆ నవ్వు చూడటం మాకు కష్టంగా ఉండేది.

అలాంటి సమయంలో మా అమ్మాయి పుట్టింది. ఇన్నేళ్లు నాందేడ్‌లో ఉన్నాక మా ఇళ్లలో నామకరణం సగం ఇక్కడివాళ్ల పద్ధతిలోనే జరుగుతుంది: పన్నెండో రోజున మేనత్త పిల్లను ఊయలలో వేసి, చెవిలో కుర్ర్ అని ఊది పేరు చెబుతుంది, ఆ వంగిన వీపు మీద చుట్టూ ఉన్న ఆడవాళ్లు సరదాగా చరుస్తారు. దీనికి తోడు మా ఇంటిది ఇంకో ఆచారం ఉంది. మా అమ్మ తనే కూర్చిన నాలుగు చరణాల జోలపాట ఒకటుంది, రెండు చరణాలు మరాఠీ, రెండు తెలుగు. నాలుగో చరణంలో పిల్ల పేరు పెట్టి పాడేదాకా వచ్చినవాళ్లెవరికీ ఆ పేరు తెలియకూడదు. అమ్మ పోయాక ఆ పాటకు అక్కే వారసురాలు. చెవిలో చెప్పడం ఎవరైనా చేస్తారు, నలుగురి చెవినా పడేట్టు పాడటమే మేనత్త పెద్దరికం.

మా అత్తగారు చెడ్డ మనిషి కాదు. ఆమె మంచికే అన్నది, కాకపోతే అక్క అప్పుడే గుమ్మంలో చెప్పులు విడుస్తున్నది చూసుకోలేదు: "గంత మందిల మీ అక్కను పరేషాన్ జేసుడెందుకు? పేరు మా చిన్నబిడ్డ చెప్తది తియ్యి." అక్క ఏమీ వినపడనట్టు లోపలికి వచ్చి పిల్లను ఎత్తుకుంది, కాని ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ పన్నెండో రోజున అక్కే పాడుతుంది, నలుగురూ వింటారు అని నేను అందరి ముందూ అనేశాను. అప్పటికి ఎనిమిది రోజులే మిగిలాయి, ఎలా వినిపించాలో మాత్రం నాకు తెలియదు.

ఆ ఏళ్లలో పగలు పదకొండు నుంచి మూడు దాకా మా వైపు లోడ్ షెడ్డింగ్. ముహూర్తమేమో సరిగ్గా ఆ మధ్యనే పడింది. జనరేటరు పెడితే దాని చప్పుడే అక్క గొంతును మింగేస్తుంది, కాబట్టి బ్యాటరీ మీద నడిచేది కావాలి. మా ఊళ్లో మంచి మైకు సెట్టు అంటే పక్క గల్లీ దాకా వినపడేది, అంతకు మించి లెక్క లేదు, ఎవరైనా సెట్టు కిరాయికి తీసుకోవాలంటే ముందు మైదానంలో పెట్టి మోగించి చూసేవాళ్లు. నేనూ అదే చేశాను. షామియానాలు వేసే మండప్‌వాలా దగ్గర ఆటోకు కట్టి ప్రచారానికి తిప్పే భోంగా, అంటే గొట్టం మైకు, తెప్పించి, రైల్వే గ్రౌండులో పెట్టి, అవతల పట్టాల దగ్గర నిలబడి విని, ఒక్క మాట పొల్లు పోకుండా వినపడుతున్నదని మురిసిపోయాను.

నామకరణం పెట్టుకున్నది మాత్రం మైదానంలో కాదు, సమాజ మందిరం మేడ మీద యాభై మంది పట్టే గదిలో. ముందుగా ఒకసారి పాడించి చూద్దామని అక్కడ ఆ భోంగా పెడితే, అక్క నోరు తెరిచిందో లేదో, అది చెవులు చిల్లులు పడేలా కూత పెట్టింది. అక్క మైకు చాప మీద పడేసి రెండు చెవులూ మూసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. వెనకాలే పరిగెత్తి వెళ్తే ఆమె రిక్షా కోసం నిలబడి ఉంది. "నన్ను తమాషా జేస్తవా తమ్మీ?" అన్నది, అంత మెల్లగా అన్నా ఎంత కోపంగా అన్నదో నాకే తెలుసు. ఇంకా మూడు రోజులు.

మా ఊరి వజీరాబాద్ బజారులో రేడియోలు బాగుచేసే ఒక ముసలి చాచా ఉండేవాడు, మా నాన్న రేడియోకు కూడా ఆయనే వైద్యుడు. బతిమాలి అక్కను ఆయన అంగడికి తీసుకువెళ్లాను. ఆయన ఎంత గట్టిగా కావాలి అని అడగలేదు. గది ఎంత పొడవు, పైకప్పు రేకా స్లాబా, పాడేవాళ్లకూ ఊయలకూ ఎంత దూరం అని అడిగాడు. అడిగి రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాడు. రెండూ చేతిపిడి పట్టుకుని మోసుకుపోయేవే, రెండూ బ్యాటరీవే, రెండింటికీ మైకుకొకటి గిటారుకొకటి వైరు పెట్టుకునే చోటుంది. ఒకటి పెద్దది, రెండోది దాంట్లో సగం ఉంటుంది.

చాచా షట్టరు సగం దించాక, అక్క సిగ్గుపడుతూ ఒక తెలుగు చరణం పాడింది, నేను గిటారుకు పికప్ అనే చిన్న మైకు అతికించి వాయించాను. పెద్ద డబ్బాలోంచి నా గిటారు వచ్చిన తీరు నేను మాటల్లో చెప్పలేను. అన్నేళ్లుగా చెక్కలోపలే ఉండిపోయిన నాదమంతా బయటికి వచ్చి నా కడుపులో మోగింది, ఇంత మంచిగా వాయిస్తానా నేను అనిపించింది. చిన్నదాంట్లో నా గిటారు రేకు మీద శనగలు పోసినట్టు చప్పగా గలగలలాడింది. అయితే చిన్నదాంట్లో అక్క పాడుతుంటే, తెలుగు ముక్క రాని చాచా ఒక పదం పట్టుకుని తిరిగి స్పష్టంగా పలికాడు, పలికి దానర్థమేమిటని కూడా అడిగాడు. పెద్దదాంట్లో పాడినప్పుడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడే గాని ఏమీ పలకలేదు. "గానా జిసే మాలూం నై, ఉసే ఖడా కరో" అన్నాడు, అంటే పాట రానివాణ్ణి నిలబెట్టి వినిపించు, వచ్చినవాడి చెవి తనంతట తానే మాటలు నింపుకుంటుంది అని. ఎవరూ అక్కర్లేదు, నేను విన్నాను కదా అన్నాను. అక్క నా వైపు తిరిగి, "నాకు గివన్నీ సమజ్ కావు, ఏది మంచిగున్నదో నువ్వే చెప్పరా" అన్నది. పెద్దదే మంచిగున్నదక్కా అని చెప్పాను. చెబుతూ గిటారు వైపు చూశాను గాని అక్క ముఖం చూడలేదు.

పన్నెండో రోజు పదకొండు కొట్టగానే కరెంటు పోయింది. గది కిటకిటలాడుతోంది, ఉక్కపోత, ముందు వరుసలో మా అత్తగారు, ఆమె పక్కన ఎందుకైనా మంచిదని పట్టుచీర కట్టుకుని వచ్చిన ఆమె చిన్నకూతురు, నా మరదలు. అక్క పిల్లను ఊయలలో వేసి, చెవిలో ఊది, వీపు మీద దెబ్బలు తిని, నవ్వుతూ లేచి మైకు పట్టుకుంది. నేను తీగలు మీటాను. గదంతా నా గిటారే నిండింది. అక్క పెదవులు కదులుతున్నాయి, మాటలు నాకు వినపడుతున్నాయి, కాని వెనక వరుసల్లో ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. మైకు నాబ్ కొంచెం పెంచితే డబ్బా ముందు గుంయ్యిమంది, నా గిటారు పొట్టలోకి ఆ మోత దూరి మళ్లీ అదే మోతను డబ్బాకు పంపుతోంది. తగ్గిస్తే అక్క మునిగిపోతుంది. గిటారు నాబ్ ఇంత తగ్గించాను. ఇంత అంటే నిజంగా చాలా కొంచెం, తగ్గించానని నాకు నేను చెప్పుకోవడానికి సరిపోయేంత.

రెండో చరణం అలాగే పోయింది. మూడో చరణానికి అక్క గొంతు పెంచడం మొదలుపెట్టింది. మెడ మీద కుట్ల గుర్తు పక్కన నరాలు ఉబ్బుతుంటే నాకు డాక్టరు మాట గుర్తొచ్చింది, ఇక్కడ ఈ గదిలో అందరి ముందూ అక్క గొంతు తెగిపోతే దానికి కారణం నేనే. వెనక నుంచి ఎవరో "పేరేంది? పేరేందంటున్నది?" అన్నారు, ఇంకా పేరే రాలేదు. మా అత్తగారు ఇక చాలన్నట్టు మరదలి మోచేతిని తట్టింది, మరదలు లేచి నిలబడింది. అక్క అది చూసింది. చూసి నా వైపు తిరిగింది, ఆ చూపులో కోపం లేదు, ఏం చెయ్యాలి తమ్మీ అని అడుగుతున్న చూపు, అంగట్లో చూసిన చూపే.

నేను గిటారు వైరు పట్టుకుని పీకేశాను. డబ్బా ఢబ్బుమంది, ఒకరిద్దరు ఉలిక్కిపడ్డారు. బేస్ నాబ్ పూర్తిగా దించి, మైకుది పైకి తిప్పి, అక్కను మైకు పెదవులకు ఆనించుకోమని సైగ చేసి, గోళ్లతో కాకుండా వేళ్ల కొనలతో మెల్లగా మీటాను. అంత చిన్న గదికి నా గిటారుకు డబ్బాయే అక్కర్లేదన్న సంగతి అప్పుడు తెలిసింది. అక్క గొంతు తగ్గించి, ఊయల మీదికి వంగి, పిల్ల ఒక్కదానికే చెబుతున్నట్టు నాలుగో చరణం పాడింది. పేరు వచ్చింది. వెనక వరుసలో ఒక ముసలమ్మ ఆ పేరును పైకి అన్నది, ఆమె పక్కనామె అన్నది, గదంతా అన్నది. మరదలు ఎప్పుడు కూర్చుందో నేను చూడలేదు, మా అత్తగారు మాత్రం కొంగుతో కళ్లు ఒత్తుకుని, లేచి వచ్చి అక్క వీపు మీద మళ్లీ ఒకటి చరిచింది. నాకు ఏడుపు ఆగలేదు, పొగ ఏమీ లేకపోయినా సాంబ్రాణి పొగ అని సాకు చెప్పాను.

మరునాడు పెద్ద డబ్బా పట్టుకుని చాచా దగ్గరికి వెళ్తే, ఆయన ఒక్క ప్రశ్న వేయకుండా దాన్ని తీసుకుని చిన్నది నా చేతిలో పెట్టాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నామకరణానికి పిలుపే ఫోనులో వస్తుంది, పిల్ల పేరు అందులోనే రంగురంగుల్లో రాసి ఉంటుంది, జోల కూడా ఫోనులోంచే పెడతారు, పాడేది ఎవరో ఎవరికీ పట్టదు. డబ్బాలూ తెలివి మీరాయి, కూత రాబోతుంటే వాటంతట అవే సర్దుకుంటాయట. నాలాంటివాడు ఎంచినా పెద్దగా చెడేది ఉండదు, అదీ ఒకందుకు మంచిదే. కాని ఒక్క పేరు వినడం కోసం అంతమంది ఉక్కపోతలో విసనకర్రలు ఆపి ఊపిరి బిగబట్టుకోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఆ తర్వాత రెండేళ్లకు అక్క గొంతు ఇంకా సన్నబడింది. నలుగురిలో ఆమె పాడిన ఆఖరి పాట అదే. మా అత్తగారి వైపు చుట్టాల్లో అమ్మ జోల పాడమంటే అందరూ నాలుగో చరణమే పాడతారు, ఎందుకంటే వాళ్లు విన్నది ఆ ఒక్కటే, మిగిలిన మూడూ నా గిటారు కింద పోయాయి. ఏ ఫంక్షనులో కలిసినా అక్క నా భుజం మీద చెయ్యి వేసి, మా తమ్ముడు నా కోసం గిటారు వైరు పీకేసిండు అని కొత్తవాళ్లకు గొప్పగా చెబుతుంది. దగ్గరికి వంగితే తప్ప ఆ మాట వినపడదు. నేను వంగి వింటాను, చాచా అంగట్లో ఆమె పాటకు ఏ డబ్బా మంచిదో తెలిసే పెద్దది కొన్నానని ఆమెకు ఇంతవరకు చెప్పలేదు.