సౌండే గద అన్న మాట

నాకు పదేళ్లున్నప్పటి సంగతి... బాన్సువాడలో మా ఇంటి ముందరే రేకుల షెడ్డు. అందులో బాపు కార్లు, జీపులు బాగుచేసేవాడు. అరుగు మీద అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. బడి నుంచి వచ్చాక నా ఆటలు, నా కొట్లాటలు అన్నీ ఆ షెడ్డులోనే...

ఆ చలికాలం కోటగిరి దగ్గరి ఊరి నుంచి ఒక రైతు పాత తెల్ల కారు తెచ్చాడు. వాళ్లు కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడినవాళ్లు. గట్టు దిగుతుంటే రాయి తగిలి కింద సైలెన్సర్ పైపు వంగిందట. కారు డబడబమని ఒకటే మోత.

బాపు ఆ రోజు ఇంకో జీపు ఇంజన్ విప్పి కూర్చున్నాడు. చేతుల నిండా నూనె. ఒక్క క్షణం పక్కకు వాలి కారు కిందికి తొంగి చూశాడు.

"సౌండే గద సార్... ఏం గాదు. నాట్లయినంక తీస్కరాండ్రి, నిమ్మళంగ జేస్త" అన్నాడు.

ఆయన సరేనని వెళ్లిపోయాడు.

వారం తిరగకుండానే ఆ కారు మళ్లీ వచ్చింది. ఈసారి ముందు సీట్లో ఆయన భార్య, వెనక సీట్లో నా ఈడు పిల్ల. చలికి ఆయన పక్క అద్దం తప్ప అన్నీ ఎక్కించి ఉన్నాయి.

"బండి లాగట్లేదు మేస్త్రీ. ఎక్కితే చాలు, మా ఆవిడ తలనొప్పి అంటోంది" అన్నాడాయన. మా దగ్గర అందరూ మిస్త్రీ అంటారు... ఆయన మేస్త్రీ అనడం నాకు తమాషాగా ఉండేది.

ఇంజన్ నడుస్తుండగానే బాపు వెనక్కి వెళ్లి, పొగ వచ్చే చోట అరచేయి అడ్డం పెట్టాడు.

"గింతేనా గాలి? మిగిలిందంత యాడికి వోతుంది..." అని తనలో తనే గొణుక్కున్నాడు.

నాకేమో ఆ పిల్లతో ఆడుకోవాలని. వెనక తలుపు తీసి భుజం పట్టి కుదిపాను. తల ఒక పక్కకు వాలిపోయింది. మళ్లీ కుదిపాను... కళ్లు తెరవలేదు.

"బాపూ, గీ పిల్ల లేస్తలేదు!"

"కారెక్కితే నిద్రే దానికి. నాలుగు రోజుల నుంచీ ఇంతే" అంది వాళ్లమ్మ నవ్వుతూ.

బాపు మొహం ఎట్లా అయిపోయిందో నాకిప్పటికీ గుర్తే. ఇంజన్ బందు చేసి, ఆ పిల్లను బయటికి లాగి, భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. వాళ్లమ్మానాన్నా బాపు వెనకే. అటుగా వచ్చిన ఆటో ఆపి అందరూ దవాఖానకు వెళ్లారు. అమ్మ ఒళ్లోని చాట జారి, తునికాకు, తంబాకు నేలపాలయ్యాయి. అమ్మ వాటిని ఎత్తలేదు...

సాయంత్రానికి ఆ పిల్ల కళ్లు తెరిచి నీళ్లడిగిందట. కారులో పొగ పీల్చడం వల్లే అని డాక్టరు చెప్పాడట. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదట. బాపు ఇంతే చెప్పాడు. అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ కారు కిందికి దూరాడు. చల్లగా ఉన్న పైపుకు సబ్బు నురగ పూసి, చివర గుడ్డ కుక్కి, అమ్మను తాళం తిప్పమన్నాడు. వంపు పైభాగాన బుడబుడమని బుడగలు... అద్దం పెట్టి చూస్తే వేలెడు పగులు. కింది నుంచి చూస్తే వంపే కనబడుతుంది, పగులు కనబడదు. సరిగ్గా దాని పైనే, వెనక సీటు కింద, రేకు తుప్పు పట్టి బొక్క పడింది. చుట్టూ మసి. వంగిన చోట దారి ఇరుకై, పొగంతా ఆ పగుల్లోంచి కారులోకి ఎక్కుతోంది.

"కాల్చి సాపు జేస్తె అయిపోదా?" అని అడిగింది అమ్మ.

"కాదు. ఒకపారి వంగినకాడ మల్ల పగుల్తది."

వంగిన ముక్కంతా కోసేసి కొత్త పైపు వెల్డింగ్ చేశాడు. సీటు కింది బొక్కకు రేకు అతికాడు. మళ్లీ సబ్బు నురగ పూసి చూశాడు. ఒక్క బుడగ లేదు.

మూడో రోజు ఆ రైతు వచ్చి బాపు రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరు చూడబట్టి మా పాప దక్కింది మేస్త్రీ..." ఆయన కళ్లలో నీళ్లు.

బాపు చేతులు విడిపించుకున్నాడు. "గట్లనకుండ్రి సార్. మొదటిపారి సౌండే అని జెప్పింది నేనే గద. కిందికి దూరి అద్దం వెట్టి సూడలె. సూసుంటె గప్పుడే దొరికేది."

ఆయన తాళం తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ మా షెడ్డుకు రాలేదు.

ఆ తర్వాత బాపు మారిపోయాడు. ఏ కారు వచ్చినా, హారన్ పనైనా సరే, అంతా అయ్యాక ఇంజన్ స్టార్ట్ చేసి తాను వెనక సీట్లో కూర్చునేవాడు. అద్దాలన్నీ ఎక్కించుకుని, కళ్లు మూసుకుని... కారు కోసం వచ్చినవాళ్లు నవ్వేవారు. "లోపల నీకేమన్న అయితె?" అని అమ్మ మొత్తుకునేది. నేను అద్దం మీద తట్టేదాన్ని. ఒక్కోసారి వెంటనే కళ్లు తెరిచేవాడు కాదు... ఆ కాసేపు నా ప్రాణం నాలో ఉండేది కాదు.

ఇప్పటికీ కారులో వెనక ఎవరైనా కునికితే నా చెయ్యి దానంతటదే వాళ్ల భుజం మీదికి పోతుంది. నా పిల్లలు విసుక్కుంటారు.

బాపు పని మానేసి చాలా ఏళ్లయింది. మొన్న చాయ్ తాగుతూ ఉన్నట్టుండి అన్నాడు... "గా పిల్ల ఇప్పుడు నీ అంత ఉంటది. పేరు గూడ అడగలె నేను."

ఖాళీ గ్లాసు అందుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఇప్పుడు కారు బాగుకిస్తే కౌంటర్లో తాళం తీసుకుంటాం... చేసిన మనిషి మొహం కూడా చూడం. పొరపాటు నాదే అని చెప్పడానికి అక్కడ ఎవరూ కనబడరు. మీ ఇళ్లలోనూ చేతిపని చేసి, ఒక్క మాటను ఏళ్ల తరబడి మోసినవాళ్లు ఉండే ఉంటారు... వాళ్ల గురించి కింద రాయండి, బాపుకు చదివి వినిపిస్తాను.